నౌను, నామవాచకము: ఇంటిలో ఇంగ్లీషు పాఠము

మెట్రో రైలు కూకట్‌పల్లి స్టేషను విడిచి, కె.పి.హెచ్.బి. కాలనీ మీదుగా జె.ఎన్.టి.యు. కళాశాల స్టేషను చేరులోపల, రహదారికి ఇరువైపుల ఉన్న బోర్డులను చదువుకొనుచు పోవువారికి ఒక సంగతి స్పష్టపడును. ఈ పేటలో ఇంగ్లీషు భాష ఉప్పు పప్పులవలె నిత్యావసర వస్తువు. మాటలాడు ఇంగ్లీషు నేర్పు గది ఒకటి, విదేశ విద్యకు పోవువారిని పరీక్షలకు సిద్ధపరచు గది మరియొకటి, చంటిపిల్లల బడి ఇంకొకటి. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతము ఆ కొలువుల నీడను పెరిగినది. ఇంగ్లీషు రానివారికి ఆ కొలువులలో చోటు దొరకదేమో అను భయము ఇంటింట ఉన్నది. ఆ భయము నిరాధారము కాదు.

ఇంగ్లీషు వలయునా, వలదా అను తగవులోనికి మేము దిగబోవుటలేదు. ఆ తగవు ప్రభుత్వోత్తరువులలోను, న్యాయస్థానములలోను చాల దూరము నడచినది. మా దృష్టి అంతకంటె చిన్న వస్తువు మీద, అనగా సాయంకాలము ఇంటిలో తెరచియున్న పిల్లల నోటుపుస్తకము మీద నిలిచినది.

తల్లిదండ్రులు గచ్చిబౌలినుండియో, మాదాపురమునుండియో ఇల్లు చేరునప్పటికి చీకటిపడును. అంతవరకు పిల్లలను కనిపెట్టియుండువారు, చాల ఇండ్లలో, ఊరినుండి వచ్చిన అమ్మమ్మయో తాతగారో. నాలుగవ తరగతి మనుమరాలు వచ్చి, “తాతయ్యా, అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే ఏమిటి? ఒక ఉదాహరణ చెప్పవూ” అని అడుగును. తాతగారు కళ్లజోడు సవరించుకొని, “అది ఇంగ్లీషమ్మా, నాన్న వచ్చాక అడుగు” అందురు. ఈ తాతగారు బడిలో సవర్ణదీర్ఘ సంధిని ఉదాహరణలతో అప్పగించినవారు. ఉత్పలమాలకు గణములు వ్రేళ్ల మీద లెక్కించినవారు. ఉపమకును రూపకమునకును గల భేదము నేటికిని మరువనివారు. పిల్ల అడుగుచున్నది తమకు తెలిసిన సంగతియే అని వారికి తోచలేదు. ఈ చదువులో తాతయ్యకు పాలులేదని పిల్ల ఆ సాయంకాలమే నిశ్చయించుకొనును. ఇది చిన్న నష్టము కాదని మా అభిప్రాయము.

నౌన్ అనగా నామవాచకము. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిను పదము ‘నోమెన్’ అనగా పేరు. మన ‘నామము’నకు అది దూరపు చుట్టము. ‘మంచి’ అనునది విశేషణము. ‘మంచితనము’ అనునది నామవాచకము. చేతితో తాకలేము, కంటితో చూడలేము, అయినను దానికొక పేరున్నది. అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అనగా ఇంతియే. ధైర్యము, ఆకలి, స్నేహము అన్నియు ఆ కోవలోనివే. ఈ మాట తాతగారు తెలుగులో చెప్పినచో పిల్ల నోటుపుస్తకమున ఇంగ్లీషులో వ్రాసికొనగలదు.

ప్రొనౌన్ సర్వనామము, ఎడ్జెక్టివ్ విశేషణము, వెర్బ్ క్రియ. ఈ జతలకు పేచీ లేదు. కాని ఇంగ్లీషు పుస్తకము భాషాభాగములు ఎనిమిది అనును. తెలుగు వాచకము ఐదు అనును. రెండు పుస్తకములు ఒకే సంచిలో మోయుచున్న పిల్ల, వీనిలో ఏది నిజమని అడుగుట న్యాయమే. ఎనిమిది అను లెక్కకు ఒక చరిత్ర కలదు. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దపు గ్రీకు వ్యాకర్త డయొనీసియస్ థ్రాక్స్ పేర నిలిచిన గ్రంథమున భాషాభాగములు ఎనిమిది. అందులో ఆర్టికిల్ ఉన్నది. విశేషణము మాత్రము వేరుగా లేదు, నామములోనే కలిసియున్నది. లాటిను భాషకు ఆర్టికిల్ లేదు. ఆ ఖాళీలోనికి ‘అయ్యో, ఆహా’ వంటి ఇంటర్జెక్షనును తెచ్చి, లాటిను పండితులు ఎనిమిదినే నిలిపిరి. పిమ్మట విశేషణము వేరు కాపురము పెట్టినది, మరియొకటి ఇల్లు విడిచినది. అలమరలోని వస్తువులు మారినను అరలు ఎనిమిదియే. మనవారిలో యాస్కుడు పదములను నాలుగు విధములనెను; పాణిని సుబంతము, తిఙంతము అని రెండింటితో సరిపెట్టెను. అందుచేత లెక్క ఏదైనను భాషను చూచుటకు పెట్టుకొన్న కిటికీయే కాని భాష కాదు. పరీక్షలో ఎనిమిది అని వ్రాయుమని పిల్లకు చెప్పుటలో మాకు అభ్యంతరము లేదు.

చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములు కలవు. అందు మొదటిది సంజ్ఞా పరిచ్ఛేదము. సంజ్ఞ అనగా శాస్త్రమునకు కావలసిన పేరు. ముందు పేర్లు పెట్టి, పిదప వచ్చు సూత్రములలో అడుగడుగునను ఆ పేర్లను పనిలో పెట్టుట సూరి పద్ధతి. నేటి అభ్యాస పుస్తకములు పెక్కింటిలో పేరు పెట్టుటతోనే పని ముగియుచున్నది. నౌను క్రింద గీత గీయుము, వెర్బు చుట్టు సున్న చుట్టుము. గీతలు గీసి, సున్నలు చుట్టి పదికి పది మార్కులు తెచ్చుకొన్న పిల్ల, సెలవులలో తాను చూచిన తిరునాళ్లను గురించి నాలుగు వాక్యములు వ్రాయలేక పెన్సిలు కొరుకుచు కూర్చుండును.

ఇక పొసగని జతల సంగతి. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. పిల్లల తప్పులలో అధికభాగము ఇక్కడనే పుట్టుచున్నది.

ప్రిపొజిషన్ అను మాటకు ‘ముందుంచబడినది’ అని అర్థము. పేరులోనే చిరునామా ఉన్నది. ఇంగ్లీషువాడు ‘మీద’ అని ముందు చెప్పి, తరువాత ‘బల్ల’ అనును. మనము ‘బల్ల’ అని, ఆ వెనుక ‘మీద’ అందుము. కనుక ప్రిపొజిషనును విభక్తియని తెనిగించుట పని విషయమున సరి, చోటు విషయమున తారుమారు. అంతటితో తీరినచో బాగుండెడిది. మనకు ఒక విభక్తి ఉన్నచోట వారికి ఏమియు ఉండదు. ఉన్నను వేరొకటి ఉండును. “ఆ విషయము గురించి చర్చించితిమి” అను వాక్యమును మనసులో ఉంచుకొన్న విద్యార్థి, ‘డిస్కస్’ వెనుక ‘అబౌట్’ చేర్చును. అది తప్పని ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. ఎందుకు తప్పో చెప్పుట అరుదు. తాతగారు చెప్పగలరు. నిన్, నున్, లన్, కూర్చి, గురించి అని వారు బడిలో వల్లించిన ద్వితీయా విభక్తిలోనే ఈ ‘గురించి’ ఉన్నది. అనగా అది కర్మను తెలుపు గుర్తు. ఇంగ్లీషులో కర్మకు వేరుగా గుర్తు లేదు. క్రియ వెనుక నిలుచుటయే దానికి గుర్తు. అందుచేత ‘డిస్కస్’ తరువాత చర్చించిన విషయము నేరుగా రావలెను. అట్లే “ఆమెకు ఫలానావారితో పెండ్లి అయినది” అన్న తెలుగులోని ‘తో’ ఇంగ్లీషులో ‘విత్’ రూపమున తొంగిచూచును. అక్కడ వారు వాడునది ‘టు’. ఇది సూత్రమున ఇమడని ఆచారము. కంఠపాఠముగా నేర్చుకొనవలసినదే.

దీనికి ఎదురు ప్రయాణము కూడ ఒకప్పుడు జరిగినది. 1812లో చెన్నపట్నమున స్థాపించిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో కుంపినీ ఉద్యోగులు తెలుగు నేర్చుకొనిరి. క్యాంబెల్ దొర వ్యాకరణము 1816లోను, బ్రౌను దొర వ్యాకరణము 1840లోను వెలువడినవి. ఆ దొరలు తమకు బాల్యమునుండి తెలిసిన లాటిను వ్యాకరణపు పేర్లతో మన విభక్తులను గుర్తుపట్టిరి. ఆ పేర్లు మన భాషకు అన్నిచోట్ల అతుకలేదు. అయినను వారు తమ చదువును చేతికఱ్ఱగా పట్టుకొనియే మన భాషలోనికి నడచిరి. మన పిల్లలను మాత్రము చేతికఱ్ఱ గడప బయట విడిచి లోనికి రమ్మనుచున్నాము.

సబ్జెక్టు అనగా కర్త అని చెప్పుట బడులలో వాడుక. “రాముడు అన్నము తినెను” అన్నంతవరకు అది చెల్లును. “అన్నము రామునిచేత తినబడెను” అన్నప్పుడు ఇంగ్లీషు వ్యాకరణమునకు సబ్జెక్టు అన్నమే. మన వ్యాకరణమున తిన్నవాడు రాముడే కనుక కర్త రాముడే. సబ్జెక్టు వాక్యమున ఒక పీఠము. కర్త పనిచేసిన వ్యక్తి. పీఠము మీద ఎవరైనను కూర్చుండవచ్చును. ఎవరును లేనప్పుడు ఇంగ్లీషువారు ‘ఇట్’ అను డమ్మీని కూర్చుండబెట్టుదురు. “ఇట్ ఈజ్ రెయినింగ్” అన్నప్పుడు ఆ ‘ఇట్’ ఎవరని అడిగినచో సమాధానము లేదు. మనకు వాన పడును. వారికి ‘ఇట్’ కురియును.

తెలుగులో ఆ పీఠమెక్కక ప్రక్కన నిలిచి పనులు జరిపించు అలవాటు మనకున్నది. నాకు ఆకలిగా ఉన్నది, నాకు తెలుసు, నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు. మూడింటను ‘నాకు’. ఇంగ్లీషులో మూడింటను ‘ఐ’ పీఠమెక్కవలసినదే. ఆ మార్పు వరకు పిల్లలు త్వరగానే పట్టుకొందురు. చివరనున్న ‘ఉన్నది, ఉన్నారు’ అను మాటలు వారిని పట్టుకొని వదలవు. అందుచేతనే “అయామ్ హావింగ్ టూ సిస్టర్స్” అని వ్రాయుదురు. దీనిని విని నవ్వువారున్నారు. నవ్వుటకంటె, కలిగియుండుట, తెలియుట, ఇష్టపడుట వంటి స్థితులు ఇంగ్లీషులో సాధారణముగా ‘ఇంగ్’ చేర్పును కోరవని ఒక్కసారి చెప్పుట మేలు.

క్రియ లేని వాక్యము మనకు సహజము. ‘ఆమె డాక్టరు’ అన్న రెండు మాటలతో వాక్యము నిండినది. ఇంగ్లీషులో ‘ఈజ్’ లేనిదే అది నిలువదు. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అను రెంటికి మనకు ఒకే రూపము, వారికి వేరువేరు. ఆర్టికిల్ మనకు లేనే లేదు. ఎదుటివారికి ముందే తెలిసిన వస్తువా, కొత్త వస్తువా అను ఎరుకను మనము ‘ఆ’, ‘ఒక’ అను మాటలతోను, వాక్యములోని వరుసతోను, ఒక్కొక్కసారి గొంతుతోను తెలుపుదుము. ‘ద’ ఎక్కడ, ‘ఎ’ ఎక్కడ అని అడుగు పిల్లకు, వినువారికి ఇది ఏదో ముందే తెలియునా అని ప్రశ్నించుకొనుమని చెప్పుట నిర్వచనము కన్న ఎక్కువ ఉపకరించును. మన భాషలో గల సంపద ఇంగ్లీషులో లేనిచోట్లును ఉన్నవి. వినువారిని కలుపుకొన్న ‘మనము’, వదలిపెట్టిన ‘మేము’, ఈ రెంటికి వారి వద్ద ‘వుయ్’ ఒక్కటే దిక్కు. ఈ ప్రసంగము ఇంగ్లీషులో చేయవలసి వచ్చినచో మేము చాల ఇబ్బంది పడుదుము.

ఈ సంగతులు చిన్న తరగతులతో తీరునవి కావు. ఈ పేటలోనే ప్రాంగణమున్న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 1972లో ఏర్పడినది. ఆ విశ్వవిద్యాలయపు 2018 నాటి ఇంజనీరింగు పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరపు ఇంగ్లీషు పాఠమును తెరచినచో, ఆర్టికల్సు, ప్రిపొజిషనులలో సామాన్యముగా వచ్చు తప్పులు, పేరా రచన అను శీర్షికలు కనిపించును. పదేండ్ల వయసున గీతలు గీసిన వస్తువే పదునెనిమిదేండ్ల వయసున మరల ఎదురువచ్చినది. ప్రణాళిక వ్రాసినవారిని తప్పుపట్టరాదు. విద్యార్థుల అవసరమెరిగియే వారు వ్రాసిరి. హైదరాబాదున 1958లో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థ ఏర్పడి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై, ఇంగ్లీషు బోధించువారిని తీర్చిదిద్దుచునే ఉన్నది. ఉపాధ్యాయులకు మార్గము తెలియక కాదు. తరగతిలో ఉన్న నలువది మందికి, నలువది నిమిషములలో, ప్రతివాని వాక్యము వెనుకనున్న తెలుగు వాక్యమును వెదకిపెట్టుట ఎవరికి సాధ్యము? అది ఇంటిలో జరుగగల పని. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టినప్పుడు విషయ పాఠ్యపుస్తకములను రెండు భాషలలో, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చువేసిరి. గణితమునకు పనికివచ్చిన ఆ ఎదురెదురు పుటల యుక్తి వ్యాకరణమునకు మరింత పనికివచ్చునని మాకు తోచుచున్నది.

పేరా అని మనము పొట్టిగా పిలుచుకొను మాటకు మూలము గ్రీకు భాషలో ఉన్నది. పంక్తుల ప్రక్క, అంచున గీసిన చిన్న గీత అని దాని మొదటి అర్థము. ఇక్కడ మాట మారుచున్నదని చదువరిని హెచ్చరించు గీత అది. పేరాకు మొదటి వాక్యము, అది కేవలము రానున్నదానికి రంగము సిద్ధము చేయునదైతే తప్ప, ఆ పేరాలోని విషయమెంతయో సూచింపవలెనని అలెగ్జాండర్ బెయిన్ అను స్కాట్లండు పండితుడు 1866లో చెప్పెను. నేటి పిల్లలు టాపిక్ సెంటెన్స్ అని నేర్చుకొనుచున్నది దాదాపు ఆ మాటనే. కె.పి.హెచ్.బి. కాలనీ గదులలో ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు కూర్చున్న యువకులు 250 మాటలకు తగ్గని వ్యాసము సుమారు 40 నిమిషములలో వ్రాయవలెను. దానికి మార్కులిచ్చు నాలుగు కొలతలలో వ్యాకరణము ఒకటి మాత్రమే; ఒక వాక్యమునకు మరియొక వాక్యముతో గల పొందిక మరియొకటి. 2023 సెప్టెంబరు తరువాత జీఆర్ఈలో మిగిలిన వ్యాసము ఒక్కటి. దానికి 30 నిమిషములు. ఈ నిమిషములలో నౌను నిర్వచనము ఎవరును అడుగరు.

వ్యాసమును ఇంగ్లీషువారు ఎస్సే అందురు. ఫ్రెంచి రచయిత మొంతేను 1580లో తన రచనలకు పెట్టిన ఆ పేరునకు ‘ప్రయత్నము’ అని అర్థము. మన ‘వ్యాసము’నకు అర్థము విప్పి పరచుట. దానికి సరిగా ఎదురు మాట ‘సమాసము’, అనగా కూర్చి కుదించుట. ‘ఊరి చెరువుగట్టు’ అనునది సమాసము. ఆ గట్టు ఎక్కడిది, ఎవరు పోసినది, సాయంకాలము అక్కడ ఎవరు కూర్చుందురు అని విప్పినచో వ్యాసము. కూకట్‌పల్లి పిల్లలకు అయిదీఎల్ చెరువుగట్టు ఉన్నది. దానిమీదనే అభ్యాసము చేయింపవచ్చును. తెలుగున 1862లో వెలువడిన ‘హితసూచని’లో సామినేని ముద్దునరసింహము నాయుడుగారు తమ వ్యాసములను ప్రమేయములని పిలిచిరి. పేరు ఏదైనను విప్పి పరచు పని ఒక్కటే.

అలంకారముల వద్దకు వచ్చునప్పటికి మన పెద్దలు అరువు తెచ్చుకొనవలసినది ఏమియు లేదు. సిమిలీ అనగా ‘లైక్’ అనియో ‘యాజ్’ అనియో ఉన్న పోలిక అని పిల్లల పుస్తకము చెప్పి ఊరకుండును. తాతగారి ఉపమకు నాలుగు అంగములు: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. “మెట్రో రైలు జెర్రివలె ప్రాకుచున్నది” అన్నప్పుడు రైలు ఉపమేయము, జెర్రి ఉపమానము, ప్రాకుట సమానధర్మము, వలె ఉపమావాచకము. ఇంగ్లీషు నిర్వచనము నాలుగవ అంగమును మాత్రమే చూపినది. వ్రాయువానికి కావలసినది మూడవది. ఈ రెండు వస్తువులకు ఉమ్మడి గుణమేది అని అడిగినప్పుడే పోలిక తప్పునో ఒప్పునో తేలును. మంచు ఎన్నడును చూడని పిల్ల తన మనుమసంచిలోని కాగితము మంచువలె తెల్లగా ఉన్నదని వ్రాయుట ఈ ప్రశ్న అడుగకపోవుటవలననే. మల్లెపూవున్నది, కొత్తగా సున్నము వేసిన గోడ ఉన్నది. ‘వలె’ తీసివేసి ‘ఈ రైలు ఒక జెర్రి’ అన్నచో రూపకము, వారి మెటఫర్. అతిశయోక్తి వారి హైపర్బొలీ. శ్లేష వారి పన్. మన ఉత్ప్రేక్షకు మాత్రము పిల్లల పుస్తకములలో జత దొరకదు.

విరామ చిహ్నముల మాట. తాళపత్రములలో పదముల నడుమ ఖాళీ సైతము ఉండెడిది కాదు. పద్యము ముగిసినచోట నిలువు గీతలు ఉండెడివి. కామా, ప్రశ్నార్థకము మొదలైనవి అచ్చుయంత్రముతో పాటు ఇంగ్లీషు పుస్తకములనుండి మనకు వచ్చినవి. ఒకరి మాటను ఉదాహరించుటకు మనకు ‘అని’ ఉన్నది. “వస్తాను అని చెప్పెను” అన్నచో ఎవరి మాట ఎక్కడ ముగిసెనో ‘అని’యే చెప్పును. ఇంగ్లీషున ఆ పని చిహ్నములు చేయవలెను, లేదా వాక్యమునే మార్చి వ్రాయవలెను. మా వృత్తిలో వినువారికి కామా కనబడదు. ప్రసంగ ప్రతిలో కామా ఉన్నచోట మేము ఊపిరి తీసికొందుము; లేనిచోట తీసికొన్నచో వాక్యము విరుగును. కనుక మేము ఇండ్లలో చేసి చూడదగినదని చెప్పు ఉపాయమొకటి ఉన్నది. పిల్ల వ్రాసిన ఇంగ్లీషు పేరాను పెద్దలకు బిగ్గరగా చదివి వినిపింపవలెను. పెద్దలకు ప్రతి మాటయు తెలియనక్కరలేదు. ఊపిరి ఆగినచోట చిహ్నమున్నదా అని అడుగవచ్చును. పిమ్మట ప్రతి వాక్యమును తెలుగున చెప్పించి, ఇందులో ఎవరు, ఏమి చేసిరి, దేనిని చేసిరి అని అడుగవచ్చును. తెలుగున చెప్పలేకపోయిన వాక్యము క్రింద పెన్సిలుతో గీత గీసి ఉంచినచో, రాత్రి ఇల్లు చేరిన తల్లికో తండ్రికో ఆ ఒక్క వాక్యమును చూచుటకు పది నిమిషములు చాలును.